కొత్త ఫ్లాట్‌కి పాత సోఫా నప్పలేదు

సమస్య: నేనూ మావారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. పదేళ్లు కూకట్‌పల్లిలో అద్దెకుండి, నిరుడు నార్సింగిలో ఫ్లాట్ కొనుక్కున్నాం. గృహప్రవేశమై వారం తిరక్కుండానే పాత సోఫా హాల్లో వెలవెలబోతోందనిపించింది. మార్చాం. తర్వాత డైనింగ్ టేబుల్, కర్టెన్లు, టీవీ. అత్తగారు కాపురానికొస్తూ తెచ్చుకున్న ఇనప బీరువా యుటిలిటీలో బట్టలారేసే తీగ కిందికి చేరింది. ఆవిడేమీ అనలేదు గానీ, తాళంచెవి మాత్రం ఇంకా బొడ్లోనే దోపుకుంటారు. ఒకటో తారీఖు జీతాలు ఐదో తారీఖుకల్లా ఈఎంఐలకి సరి. సెల్లార్లో మా బండికి అటూ ఇటూ పెద్ద కార్లున్నాయని, మనమూ మారుద్దామని మావారు ఇప్పుడు పట్టుబడుతున్నారు. వద్దంటే పిసినారినట! కూకట్‌పల్లిలో ఉన్న హాయి ఇక్కడెందుకు లేదు?

- ఒక సోదరి, హైదరాబాద్

సలహా: ఈ సోదరి ఇంట్లో జరిగిందే ఒకప్పుడు పారిస్‌లో దెనీ దిదెరో ఇంట్లోనూ జరిగింది. ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడాయన. పాత అంగీ పోయిందని వాపోతూ 1769లో ఒక వ్యాసమే రాశాడు. ఖరీదైన ఎర్ర అంగీ ఇంట్లోకి రాగానే, దాని ముందు గడ్డి అల్లిన కుర్చీ నాసిగా కనిపించి తోలు కుర్చీ దిగింది. పుస్తకాలు పెట్టుకునే చెక్కబల్ల పోయి నగిషీ బీరువా వచ్చింది. చూస్తుండగానే గది గదంతా మారిపోయింది. గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త 1980ల్లో ఈ వరసకి దిదెరో పేరే పెట్టాడు. అంచేత ఈ ఇంట్లో ఎవరికీ దురాశ అంటగట్టక్కర్లేదు.

ఇక సెల్లార్ సంగతి. నెదర్లాండ్స్‌లో పిన్‌కోడ్ లాటరీ ఒకటుంది. వారానికో పిన్‌కోడ్ తీసి, అక్కడ టికెట్ కొన్నవాళ్లకి నగదు, ఒక బీఎండబ్ల్యూ కారు ఇచ్చేవారు. ఆర్థికవేత్తలు ఆ ఇళ్ల ఖర్చులు ఆరా తీసి 2011లో ప్రచురించారు. కారు గెలిచినవాళ్లలో చాలామంది దాన్ని సొమ్ము చేసుకున్నారట. టికెట్టే కొనని పక్కింటివాళ్లు మాత్రం కార్ల మీద ఎక్కువ ఖర్చు పెట్టారు! పొరుగువాడి లాటరీకి వీళ్ల జేబు చిల్లు. నార్సింగి సెల్లార్లోని పెద్ద బళ్లలో ఎన్ని సొంతానివో, ఎన్ని ఇంకా బ్యాంకువో చూపుకి తెలియదు.

అలాగని డబ్బుతో సంతోషం రాదనే పాత పాట పాడటం లేదు. అమెరికాలో ఏడాదికి 75 వేల డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెరగదని డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ 2010లో తేల్చారు. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ 2021లో కాదన్నాడు. కానమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని లెక్కలు తిరగేసి 2023లో చెప్పిందేమిటంటే, చాలామందికి ఆదాయంతో పాటే సంతోషమూ పెరుగుతుంది. ముందే దిగులులో ఉన్న కొద్దిమందికే ఒక దశ తర్వాత ఆగిపోతుంది. కాబట్టి ఫ్లాట్ కొన్నందుకు బాధపడే పనేం లేదు.

చూసుకోవాల్సింది డబ్బు ఎటు పోతోందన్నది. కెనడాలోని వాంకూవర్‌లో పరిశోధకులు ఉద్యోగస్తులకి ఒక వారాంతం 40 డాలర్లిచ్చి వస్తువు కొనుక్కోమన్నారు, మరో వారాంతం అంతే ఇచ్చి పని భారం తగ్గే దేనికైనా వాడమన్నారు. తీరిక కొనుక్కున్న రోజే వాళ్లు ఎక్కువ సంతోషంగా ఉన్నారని 2017లో వెల్లడైంది.

ఈ దంపతులకీ అదే దారి. కారు వాయిదాకి అనుకున్న మొత్తంలో కొంత వంటమనిషికి పెడితే సాయంత్రాలు మిగులుతాయి. మిగతాది ఇంటి అప్పు అసలులో జమ చేయడం మేలు, తొలి ఏళ్ల వాయిదాల్లో సింహభాగం వడ్డీకే పోతుంది గనక. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్న బోర్డు చూసి ఆగొద్దు. సున్నా వడ్డీ అనేదే లేదంటూ 2013లోనే రిజర్వు బ్యాంకు అలాంటి పథకాలకి అడ్డుకట్ట వేసింది.

సోదరికి ఒక్క మనవి. నడుస్తున్న ఈఎంఐలన్నీ, అవి ఎప్పుడు తీరతాయో తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. సోఫా, టీవీ వాయిదాలు తీరేదాకా కారు మాట ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పందానికి రండి.