ఇంధనములో నీరు – గుర్తించుట, తొలగించుట

వర్షాకాలములో చక్కగా నడచుచున్న కారు, పెట్రోలు పోయించిన కొద్దిసేపటికే కుదుపులతో ఆగిపోవుట కలదు. ఇంజను చెడినదని మనము భయపడుదుము. కాని ఒక్కొక్కప్పుడు దోషము ఇంజనుది కాదు, ఇంధనములో చేరిన నీటిది.

ఈ నీరు ఎట్లు చేరును? బంకులోని భూగర్భ ట్యాంకులోనికి వాననీరు దిగవచ్చును. కారు ట్యాంకు మూత సరిగా బిగియకున్నను నీరు చొరబడవచ్చును. లీటరు నీరు సుమారు 1000 గ్రాములు తూగగా, లీటరు పెట్రోలు 720 నుండి 775 గ్రాములే తూగును. కావున నీరు అడుగునకు దిగును. ఇంధనపు పంపు పీల్చుకొనునదియు అడుగుననే. నీరు మండదు గనుక ఇంజను ఆగిపోవును.

2025 నాటికి మన దేశములో పెట్రోలునందు 20 శాతము ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. ఇథనాలు నీటిని తనలో కలుపుకొనును. కొద్దిపాటి తేమ ఇట్లు ఇంధనముతోపాటు ఇంజనులోనికి పోయి ఆవిరియై వెడలిపోవును. ఇది మేలే. కాని నీరు హద్దు మీరినచో, అది ఇథనాలును వెంటబెట్టుకొని విడిపడి, అడుగున వేరొక పొరగా నిలుచును. 10 శాతము ఇథనాలు గల పెట్రోలులో ఈ హద్దు లీటరునకు సుమారు 5 మిల్లీలీటర్లు మాత్రమే. చలి పెరిగినకొలది హద్దు తగ్గును. ఒకసారి పొరలు విడిన పిమ్మట పైన క్రొత్త పెట్రోలు పోసి సరిపెట్టుకొందమనుట పొరపాటు.

మరి చేయవలసినదేమి?

1. బండిని పదేపదే స్టార్టు చేయరాదు. చేసినకొలది నీరు పైపులలోనికి, ఇంజెక్టర్లలోనికి ప్రాకును.

2. మెకానిక్కుచేత కొంత ఇంధనమును ట్యాంకు అడుగునుండి గాజు సీసాలోనికి తీయించి, కదల్చక ఉంచవలెను. రెండు పొరలు కనిపించినచో సందేహము తీరును.

3. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి, పైపులు శుభ్రపరచి, ఫిల్టరు మార్పింపవలెను. ఆ చోట బీడీగాని, నిప్పురవ్వగాని ఉండరాదు. తీసిన ఇంధనమును కాలువలో పోయరాదు.

డీజిలు బండ్లలో ఫిల్టరు అడుగున నీటిని వదలు మర ఉండును. దానిని అప్పుడప్పుడు విప్పి నీటిని దింపవలెను. డీజిలువలె నీటికి జిడ్డుగుణము లేనందున, ఖరీదైన ఇంజెక్టర్లు త్వరగా అరిగిపోవును.

మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో తండ్రియో అన్నయో బండి నడిపి సంసారమును ఈడ్చుచున్నారు. ఒక దినము బండి నిలిచిన, ఆ దినపు కూలి పోయినట్లే. తరగతిలో చదివిన సాంద్రతా పాఠము ఆ ఇంటికి అక్కరకు వచ్చిననాడే మన చదువు సార్థకము.