కఠినాంగ్లపదములు - వాని నభ్యసించు విధము

మన యున్నత తరగతుల విద్యార్థులు పలువురు ఆంగ్లపదములను పట్టికగా వ్రాసికొని, ప్రక్కన నొక్కొక్క తెలుగుమాటను చేర్చి వల్లె వేయుచుందురు. శ్రమకు లోపము లేదు, ఫలమే కొఱవడుచున్నది. నొటోరియస్ అనగా ప్రసిద్ధుడని మాత్రమే నేర్చిన బాలుడు తన యూరి పెద్దకు సమర్పించు సన్మానపత్రములో నా పదమును వాడెననుకొనుడు. అది చెడ్డపేరుచే ప్రసిద్ధి కెక్కినవానికి చెల్లు మాట. పొగడబోయి తెగడినట్లగును! ఉద్యోగమునకై పంపు దరఖాస్తులో నిట్టి మాట దొరలినచో నష్టము మఱింత యెక్కువ. ఏల త్రోసివేసిరో చెప్పువారును నుండరు.

కావున పదముయొక్క పుట్టుకను మొదట విచారింపవలెను. సంస్కృతమున ఈక్ష్ అను ధాతువునకు చూచుట యని యర్థము. ఉపసర్గలు చేరగా దానినుండి పరీక్ష, నిరీక్షణము, అపేక్ష, ఉపేక్ష యను మాటలు గలిగినవి. లాటిన్ భాషలో స్పెకెరె యను క్రియకును చూచుట యనియే యర్థము. లోపలికి చూచుట ఇన్‌స్పెక్ట్, అదియే తనిఖీ. ముందునకు చూచుట ప్రాస్పెక్ట్. తిరిగి చూచుట రెస్పెక్ట్. గౌరవింపదగినవానినే కదా మరల మరల చూతుము. క్రిందినుండి చూచుట సస్పెక్ట్. అనుమానించువాని చూపు నట్లే యుండును.

అయినను ధాతుజ్ఞాన మొక్కటియే చాలదు. సర్కమ్‌స్పెక్ట్ అను పదమునకు చుట్టును చూచుట ధాత్వర్థము. మన పరీక్షకును నదియే. కూర్పు సమానమే, కాని యాంగ్లపదమునకు ముందువెనుక లాలోచించి మెలగునట్టి యను నర్థము స్థిరపడెను. మన పదము మాత్రము మార్చి నెలలో బాలుర నిద్ర చెఱచుచున్నది. కాలముచే నర్థము తలక్రిందగుటయు గలదు: నైస్ అను మాట ఎఱుగని యను నర్థముగల లాటిన్ పదమునుండి పుట్టి, పూర్వము మూఢుని జెప్పుచుండెను.

అందుచే వాక్యములోనే పదమును పట్టుకొనవలెను. 1755లో శామ్యూల్ జాన్‌సన్ తన నిఘంటువునందు పదముల క్రింద గ్రంథకర్తల వాక్యముల నుదాహరించెను. 1884లో నారంభమై 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును నీ మార్గమునే యనుసరించెను. ఫ్రూగల్, స్టింజీ యను రెండును తక్కువ ఖర్చు చేయువానికే చెల్లును. మొదటివాడు పొదుపరి, రెండవవాడు పిసినారి. ఈ భేదము పట్టికలో దొరకదు.

ఒక నోటుపుస్తకమున దినమునకు మూడు పదములు చాలును. పదము, ధాతువు, అది కనబడిన వాక్యము, తాను కల్పించిన వాక్యము వ్రాయవలెను. నేర్చిన తొలి గంటలలోనే మఱపు మిక్కిలి వేగముగ వచ్చునని జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించెను. కావున మఱునాడును, వారమునకును, నెలకును మరల చూడవలెను; ఊరక చదువుట కాదు, అర్థమును చేతితో మూసి జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ఆంగ్లమెఱుగని తల్లిదండ్రులును సాయపడవచ్చును. పుస్తకమును చేతబట్టి తెలుగు వైపు చూచి యడిగినచో, బిడ్డ తడబడిన చోటు వారికే తెలియును.