బండి ఎక్కడ నిలబడుతుందో చూడు

అబూ హలీఫా, కువైట్,
శనివారం రాత్రి.

చిరంజీవి అల్లుడిని మామ ఆశీర్వదించి రాయునది. మీయమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని విన్నాం, సంతోషం.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. రెండూ మస్టాంగ్‌లే, రెండూ ఒకే ఏడాదివి, రేటులో కూడా పెద్ద తేడా లేదు. ఒకటి కూపే, ఒకటి ఓపెన్ టాప్. "ఏది తీసుకోమంటావో ఒక్క మాటలో చెప్పు మామా" అన్నావు. ఒక్క మాటలో అయితే కూపే. కానీ ఆ మాటతో ఊరుకునే రకం కాదు నువ్వు. ఓపెన్ టాప్‌ని నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీయించి పంపావు. కూపేది ఒకే ఒక్కటి, అదీ మసగ్గా ఉంది. నీ మనసు ఎటు లాగుతోందో అప్పుడే తెలిసింది. లగ్నం పెట్టుకోవడానికి ఊరెళ్లినోడివి, అక్కడ కూర్చుని రాత్రుళ్లు కార్ల ఫోటోలు చూస్తున్నావంటే వ్యవహారం ముదిరినట్టే. అందుకే ఫోన్లో తేల్చకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

నువ్వు ఇంజినీరుగా కంపెనీ వీసా మీద వచ్చావు. డిగ్రీ ఉంది, 600 దినార్ల జీతం ఉంది కాబట్టి సొంతానికి లైసెన్సు చేతికొచ్చింది. నేను ఇళ్లలో పనివాళ్లకిచ్చే ఖాదిం వీసా మీద హౌస్ డ్రైవర్‌గా దిగినోణ్ణి. బండి నడపడం గురించి నీకు చెప్పేదేమీ లేదు. బండిని నిలబెట్టడం గురించైతే చెప్పగలను. ఈ దేశంలో ఓపెన్ టాప్ కార్ల సంగతి వాటి ఓనర్ల కన్నా మన రాజంపేట, రైల్వేకోడూరు, గోదావరి జిల్లాల డ్రైవర్లకే ఎక్కువ తెలుసు.

నీ ఫ్రెండ్సంతా "కువైట్ ఎండకు ఓపెన్ టాప్ ఏంట్రా" అంటున్నారన్నావు. వాళ్లు చెప్పేది తప్పని కాదు. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న లెక్క అది. జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని సర్కారే రూలు పెట్టింది. ఇవన్నీ నీకూ తెలుసు. అయినా ఆ వాదన నీ దగ్గర నిలవదు. మిట్టమధ్యాహ్నం టాప్ తీసి తిరిగే పిచ్చోడు ఎవడుంటాడు? నవంబరు నుంచి మార్చి దాకా సాయంత్రాలు ఉన్నాయి కదా అంటావు. నిజమే, ఉన్నాయి. ఆ నాలుగైదు నెలలు ఇక్కడి గాలి మన దేశంలో ఏ హిల్ స్టేషన్‌కీ తీసిపోదు.

నేను చూడమనేది వేరే సంగతి. నీ బండి రోజుకు ఎంతసేపు తిరుగుతుంది? మహబూలా నుంచి మీనా అబ్దుల్లా దాకా పోయి రావడం, ఎప్పుడైనా ఫహాహీల్‌లో షాపింగు. గట్టిగా లెక్కేస్తే రెండు గంటలు. మిగతా ఇరవై రెండు గంటలూ ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటుంది. ఎక్కడ? పగలు మీ రిఫైనరీ బయట, షెడ్డు లేని మైదానంలో. రాత్రి బిల్డింగు పక్కన సాహా అనే ఖాళీ ఇసుక జాగాలో. మన అబూ హలీఫాలోనూ అంతే, మహబూలాలోనూ అంతే. బిల్డింగుల కింద షేడున్న పార్కింగ్ ముందే వచ్చినోళ్ల పాలైంది, ఇప్పుడు నెలకింత కడతానన్నా దొరకదు. ఒకవైపు సముద్రపు ఉప్పు తేమ, ఇంకోవైపు ఎడారి దుమ్ము. బండి ఈ రెంటి మధ్యా నిలబడాలి.

నేను పనిచేసిన ఇంట్లో మూడు బండ్లు ఉండేవి. ఇంటావిడ మామా పిల్లల్ని తీసుకుపోవడానికి పెద్ద జీఎంసీ, ఇంటాయన బాబా ఆఫీసుకు పోయే సెడాన్, మూడోది ఓపెన్ టాప్. ఆ మూడోదానికి విల్లాలో సొంత షేడు, దాని మీద మందపాటి గుడ్డ కవరు. వారానికి రెండు రాత్రులు బాబా దాన్ని మగవాళ్లు కబుర్లకు కూడే దివానియాకు తీసుకెళ్లేవాడు. అన్ని సౌకర్యాలున్నా దానికి పట్టే చాకిరీ మిగతా రెండు బండ్లకూ కలిపి పట్టేది కాదు.

ఆ చాకిరీ ఏంటో చెప్తాను విను. దుమ్ము పడిన మర్నాడు తెల్లారుజామునే లేచి ముందు మెత్తటి బ్రష్‌తో టాప్ మీది దుమ్మును ఒకే వైపుకు దులపాలి. తడిగుడ్డ పెట్టావా, దుమ్ము బురదై గుడ్డ నేతలోకి దిగిపోతుంది, నల్ల టాప్ బూడిద రంగుకు తిరుగుతుంది. దులపకుండా మడిస్తే ఇసుక మడతల్లో ఇరుక్కుని, తెరిచినప్పుడల్లా మూసినప్పుడల్లా గుడ్డను గీకుతుంది. కుట్ల దగ్గర మొదట నూలు లేస్తుంది, తర్వాత చిల్లు పడుతుంది. తడిగా ఉన్నప్పుడు మడిస్తే బూజు వాసన. అసలే మడవకుండా ఎండాకాలమంతా వదిలేసినా కష్టమే, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు ఎండి గట్టిపడుతుంది. అందుకని వాడినా వాడకపోయినా అప్పుడప్పుడూ రాత్రి చల్లబడ్డాక ఒకసారి తెరిచి మూయాలి, రబ్బరుకు సిలికాన్ రాయాలి. బాబా ఎప్పుడు తాళం అడిగినా బండి కొత్తగా కనపడేది. గల్ఫ్ రోడ్డులో టాప్ తీసుకుని హాయిగా పోయే బండ్లలో చాలావాటి వెనకాల ఇలా పొద్దున్నే లేచే ఒక మనోడు ఉంటాడు. నీకు హౌస్ డ్రైవర్ లేడు. నీ హౌస్ డ్రైవర్‌వి నువ్వే. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఇదంతా చేస్తావా? రేపు పెళ్లయ్యాక ఆ పిల్ల చేయనిస్తుందా?

ఇంకో శత్రువుంది, నవ్వకు. పిల్లులు. ఇక్కడి వీధి పిల్లులు శీతాకాలం ఇంజిన్ వేడి కోసం బానెట్ ఎక్కుతాయి. గుడ్డ టాప్ దొరికితే బానెట్ వైపు చూడవు, మెత్తగా ఉంటుంది కదా. పడుకునే ముందు ముందుకాళ్లతో పిసుకుతాయి, లేచాక ఒళ్లు విరుచుకుని గోళ్లు గీరుకుంటాయి. మా వీధిలో చెత్త డబ్బా పక్కనే నిలబెట్టిన ఒక తెల్ల ఓపెన్ టాప్ ఉంది. దగ్గరికెళ్లి చూస్తే డ్రైవరు తల మీద గుడ్డంతా చిన్న చిన్న పోగులు లేచి దువ్వని జుట్టులా ఉంటుంది. నువ్వొచ్చాక చూపిస్తాను.

వాన సంగతి. కువైట్‌లో వానేంటి అనుకోవద్దు. 2018 నవంబరులో పడ్డ వానలకు రోడ్లు మునిగి ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశాడు. ఓపెన్ టాప్ చుట్టూ నీళ్లు జారిపోవడానికి సన్నటి కాలవలు, వాటి చివర రంధ్రాలు ఉంటాయి. నెలల తరబడి దుమ్ము తప్ప నీటిచుక్క చూడవవి. మొదటి వాన పడే సరికి ఆ రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి, నీళ్లు దారి మార్చుకుని సీట్ల వెనక దిగుతాయి. కార్పెట్ కింద వైర్లు తడిశాయంటే షువైఖ్ గ్యారేజీల్లో ఎలక్ట్రీషియన్ల చుట్టూ తిరగడమే పని.

నువ్వు ఇంజినీరువి, ఇది నాకంటే నీకే బాగా అర్థమవ్వాలి. అగ్గిపెట్టె పైతొడుగు తీసేసి లోపలి అరను రెండు వైపులా పట్టుకుని మెలితిప్పి చూడు. కప్పు తీసేసిన కారు పరిస్థితి అదే. కప్పు నీడకొక్కదానికే కాదు, బండి బిగువుకు సగం బలం అదే. అది లేని లోటు తీర్చడానికి కింద అదనంగా ఉక్కు వేస్తారు, ముందు అద్దం ఫ్రేము గట్టి చేస్తారు. మస్టాంగ్‌లో ఆ పైబరువు 50 కిలోల పైనే. అంత చేసినా గతుకు తగిలినప్పుడు స్టీరింగ్‌లో, డాష్‌బోర్డులో చిన్న వణుకు ఉంటుంది. కొత్తలో పట్టించుకోరు, పాతబడే కొద్దీ కిర్రుమంటుంది. నువ్వు చూసేది పాత బండి. అరిఫ్‌జాన్ దగ్గర మోటార్ టౌన్ ట్రాక్ మీద ఒకసారైనా తోలాలని నీకు ఆశ ఉంది కదా, దానికీ కూపేనే నయం.

ఇన్ని చెప్పి ఓపెన్ టాప్‌లో సుఖమే లేదంటే నా నోరు పడిపోతుంది. జనవరి రాత్రి, హీటర్ కాళ్ల మీదికి పెట్టుకుని, పైన టాప్ తీసి సముద్రం పక్కన నిదానంగా పోతుంటే ఆ తృప్తి కూపేలో రాదు. బాబా ఊళ్లో లేనప్పుడు సర్వీసుకు తీసుకెళ్లి వస్తూ ఒకటి రెండు సార్లు నేనూ తెరిచాను, ఎవరికీ చెప్పకు. ఫిబ్రవరి 25, 26 తేదీల్లో మాత్రం టాప్ తీసి గల్ఫ్ రోడ్డు వైపు పోవద్దు. జాతీయ దినోత్సవం పేరుతో పిల్లలు నీళ్ల బుడగలు విసురుతారు, నురగ కొడతారు. పోలీసులు కట్టడి చేస్తున్నా, టాప్ లేని బండి కనపడితే పిల్లల చేతులు ఆగవు.

మస్టాంగ్ పుట్టుక కథ తెలుసా నీకు? 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో దాన్ని లోకానికి చూపించారు. అసలు ఒకటో నంబరు బండి అంతకు ముందే పొరపాటున అమ్ముడైపోయింది. అది తెల్ల ఓపెన్ టాప్. కొన్నది ఎవరంటే కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌లో ఉండే విమానం పైలట్ ఒకాయన. ఫోర్డ్ కంపెనీ వెనక్కివ్వమని అడిగితే ఇవ్వనన్నాడు, రెండేళ్లు తోలుకున్నాక కొత్త మస్టాంగ్‌ను బదులు పుచ్చుకుని ఇచ్చాడు. ఆ బండి ఇప్పుడు హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. మంచు కురిసే దీవిలో ఓపెన్ టాప్! చలిదేశాల వాళ్లకు ఎండ కరువు, అందుకే నాలుగు రోజులు ఎండొస్తే కప్పు తీసేయాలని తహతహ. మనకు ఆ కరువెక్కడుంది?

కూపేకు మాత్రం లోపాలు లేవా? ఉన్నాయి. వెనక అద్దం ఏటవాలుగా పెద్దది, ఎండ నేరుగా వెనక సీటు మీద పడుతుంది. ఆ వెనక సీటు కూడా పెద్దవాళ్లకు శిక్షే. మీయమ్మ విజిట్ మీద వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టు, అక్కడ కూడా ఎక్కి దిగడానికి మోకాళ్లు సహకరించాలి. తలుపులు బారుగా ఉంటాయి, మా సాహాలో రెండు బండ్ల మధ్య సగం తెరుచుకోవడమే గొప్ప. వెనక అద్దం తప్ప మిగతావన్నీ ఓపెన్ టాప్‌లోనూ ఉన్నవే, దానికి తోడు మడిచిన టాప్ డిక్కీలో చోటు కూడా తినేస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి రెండు 23 కిలోల పెట్టెలు, పచ్చళ్ల డబ్బాలు వేసుకుని రావాలంటే చూసుకో.

పెట్రోలు గురించి దిగులు వద్దు. 95 రకం లీటరు 105 ఫిల్స్, మన రూపాయల్లో ముప్పైకి అటూ ఇటూ. లోను విషయంలో మాత్రం జాగ్రత్త. ఉద్యోగం అటూ ఇటూ అయి కిస్తీలు ఆగితే ట్రావెల్ బ్యాన్ పడుతుంది, ఇంట్లో మంచైనా చెడైనా విమానం ఎక్కలేవు. నీ జీతంలో నాలుగో వంతు దాటి కిస్తీ పెట్టుకోవద్దు. పోయేటప్పుడు బండిని ఊరికి తీసుకెళ్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఎడమ స్టీరింగ్ పాత బండ్లను ఇండియాలోకి రానివ్వరు. ఇక్కడే అమ్మి, బండి రిజిస్ట్రేషన్ దఫ్తర్ కొన్నవాడి పేరుకు మార్చి, అప్పుడు నివాస అనుమతి ఇకామా రద్దు చేయించుకోవాలి. ఆఖరి నెలలో తొందర మీదుంటావు. అది జూన్ అయితే గుడ్డ టాప్ బండి చూడ్డానికి కూడా ఎవరూ రారు. కూపేకు ఏ నెలలోనైనా బేరం తగులుతుంది.

ఓపెన్ టాపే కావాలని మనసు పీకుతుంటే దారి ఉంది. పెళ్లయి మీ ఇద్దరూ వచ్చాక, డిసెంబరులోనో జనవరిలోనో రెండు రోజులకు ఒకటి అద్దెకు తీసుకో. షేక్ జాబర్ వంతెన మీద సుబియా దాకా పోయి రండి, మొత్తం 36 కిలోమీటర్లు. దుమ్ము దులిపేది, టాప్ కుట్లు చూసుకునేది అద్దెకిచ్చినోడి పని.

కూపే చూడ్డానికి నేను వస్తాను. శుక్రవారం వద్దు, గ్యారేజీలు మూసుంటాయి. శనివారం పొద్దున కూపే అమ్మేవాణ్ణి బండి తోలుకుని షువైఖ్ రమ్మను. లిఫ్టు మీద ఎత్తించి కింద చూద్దాం, యాక్సిడెంటైన బండి అయితే అక్కడ వెల్డింగు మచ్చలు దాచలేరు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. అతను ముందే వేడి చేసి తెచ్చాడంటే బేరం అక్కడే ఆపెయ్. ఏసీ ఎండలో అరగంట నిలబెట్టాక పనిచేయాలి, ఇంటి దగ్గర పనిచేసింది లెక్కలోకి రాదు. ట్రాఫిక్ జరిమానాలు, అదే ముఖాలఫాలు, ఏమైనా బాకీ ఉన్నాయేమో దఫ్తర్ మార్చకముందే అతని చేతనే కట్టించు. అడ్వాన్సు అడిగితే, నేను చూసేదాకా ఒక్క దినారు కూడా పంపవద్దు.

ఆ ఓపెన్ టాప్ అతనికి మాత్రం రేపే ఫోన్ చేసి వద్దని చెప్పెయ్. ఎదురుచూస్తూ ఉంటాడు పాపం.

అత్త అడిగినట్టు చెప్పమంది. అక్కకు నా నమస్కారాలు.

నీ మామ.