అండమాన్‌లో తొలి డైవింగ్: తిరుత్తణి, తిరువళ్లూరు కుటుంబాలు చేయవలసినవి, చేయకూడనివి

తిరువళ్లూరు జిల్లాకు సముద్రం ఉంది, పులికాట్ సరస్సు ఉంది, పగడపు దిబ్బలు మాత్రం లేవు. పగడానికి తేట నీరు, నిలకడైన ఉప్పదనం కావాలి. వానాకాలంలో ఆరణి, కొసస్తలై నదులు మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రు దానికి సరిపడవు. అందుకే మనవాళ్లు పగడాల కోసం చెన్నైలో విమానమెక్కి అండమాన్ వెళ్తున్నారు. అక్కడి హేవ్‌లాక్ దీవిలో ఈత రానివాళ్లను కూడా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని నీళ్లలోకి దింపుతాడు. వెళ్లేవారు ఈ మాటలు గుర్తుంచుకోవాలి.

చేయవలసినవి

డైవింగ్‌ను యాత్ర మొదట్లోనే పెట్టుకోండి. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, అది నిదానంగా బయటికి పోవాలి. అంతలోపే విమానమెక్కితే, లోపల గాలి ఒత్తిడి తక్కువ కనుక, ఆ నైట్రోజన్ బుడగలై కీళ్లను, నరాలను దెబ్బతీయవచ్చు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. నేనైతే ఒక పూర్తి రోజు వదలమంటాను. ప్యాకేజీలో చివరిరోజు పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫ్లైట్ ఉంటే డబ్బు కట్టకముందే మార్పించండి.

ఆరోగ్య ఫారంలో నిజం రాయండి. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం ఏదీ దాచొద్దు. పిల్లలు ఆశపడ్డారని బీపీ మాత్రల సంగతి చెప్పని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. వాళ్లను ప్రేమగానే అయినా గట్టిగా ఆపండి.

దిగడం మొదలవగానే, నొప్పి రాకముందే, ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోండి. నొప్పి పుడితే కొద్దిగా పైకి వచ్చి ఆగాలి. జలుబు ఉంటే ఆ రోజుకు మానేయండి.

చేతి సైగలు ముందే నేర్చుకోండి. బొటనవేలు పైకి చూపితే నీళ్లలో ‘పైకి పోదాం’ అని అర్థం. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలపాలి.

చేయకూడనివి

ఊపిరి బిగబట్టకండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఊరి బావుల్లో ఈత నేర్చినవాళ్లకు ఊపిరి బిగించి మునగడమే అలవాటు. అక్కడ పీల్చింది ఒడ్డు మీది గాలి. స్కూబాలో, అంటే సిలిండర్ గాలితో చేసే ఈ డైవింగ్‌లో, లోతులోని ఒత్తిడికి తగ్గ గాలి పీలుస్తాం. 10 మీటర్ల లోతున ఊపిరి నింపి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కాబోయి ఊపిరితిత్తులు చిరగవచ్చు. ఒకటిన్నర మీటరు లోతు నుంచైనా ఈ ప్రమాదం ఉంటుంది. భయమేసినా పైకి ఎగబాకకండి. ఇన్‌స్ట్రక్టర్‌కు సైగ చేసి, ఊపిరి తీస్తూ వదులుతూ నెమ్మదిగా రండి.

పగడాలను ముట్టుకోకండి, వాటిమీద నిలబడకండి. మంట పుట్టించే పగడాలున్నాయి, రాయిలా పడుకునే విషపు చేపలున్నాయి. పైగా ఒక్క తాకిడికి విరిగే కొమ్మ పెరగడానికి ఏళ్లు పడుతుంది. జ్ఞాపకంగా ముక్క తేవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం.

పడవలో లైఫ్ జాకెట్ విప్పకండి. 2011 డిసెంబర్ 25న మన పులికాట్‌లోనే విహారానికి వెళ్లిన పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు.

డైవ్ తరవాత కీళ్లనొప్పి, తిమ్మిరి, తలతిరుగుడు, ఎన్నడూ లేని నీరసం వస్తే ప్రయాణ బడలిక అని పడుకోబెట్టకండి. ఆక్సిజన్ పట్టించాలి, మళ్లీ ఒత్తిడి పెంచి చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ ఉన్నచోటికి చేర్చాలి. తిరుత్తణికి వచ్చేశాక కనిపించినా సరే, డాక్టరుకు మొదట చెప్పవలసింది సముద్రంలో డైవింగ్ చేశామనే.