తల్లి రక్తం నెగటివ్ అయితే బిడ్డకు ముందే రక్షణ

పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం ఫ్యాక్టరీల చుట్టూ బీహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మొదటి కాన్పు సొంతూళ్లో, రెండోది ఇక్కడ జరిగితే పాత కాగితాలు ఊళ్లోనే ఉండిపోవచ్చు. వాటిలోని 'ఆర్‌హెచ్ నెగటివ్' అన్న చిన్న మాట రెండో బిడ్డ ప్రాణానికి సంబంధించినది. దాని సంగతి దాతలందరూ తెలుసుకోవాలి.

ఏ, బి, ఏబి, ఓ అనేవి రక్తం గ్రూపులు. వీటితోపాటు ఎర్ర రక్తకణాల మీద 'డి' అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకుంటే నెగటివ్. ఆర్‌హెచ్ సంగతిని 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ వెల్లడించారు. మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు నెగటివ్.

తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొద్దిగా తల్లి రక్తంలో కలిస్తే, ఆమె శరీరం దాన్ని పరాయిదిగా ఎంచి యాంటీబాడీలు తయారుచేస్తుంది. మొదటి బిడ్డ అప్పటికే పుట్టి ఉంటుంది కనుక సాధారణంగా ముప్పు ఉండదు. తర్వాతి గర్భంలో బిడ్డ పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు మాయను దాటి వెళ్లి బిడ్డ రక్తకణాలను నాశనం చేస్తాయి. రక్తహీనత, ఒళ్లంతా నీరు పట్టడం, తీవ్రమైన కామెర్లు రావచ్చు. మెదడు దెబ్బతినవచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు కూడా. గర్భస్రావమైనా, కడుపుకు గట్టి దెబ్బ తగిలినా రక్తం కలిసే అవకాశం ఉంది. కనుక 'మొదటి బిడ్డ బాగానే ఉంది కదా' అన్న ధీమా పనికిరాదు.

దీనికి 1968 నుంచి యాంటీ-డి ఇంజెక్షన్ అందుబాటులో ఉంది. గర్భం 28 వారాలప్పుడు ఒకటి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మరొకటి ఇస్తారు. యాంటీబాడీలు ఒకసారి తయారయ్యాక ఈ ఇంజెక్షన్ పనిచేయదు. అందుకే ముందుగా కూంబ్స్ పరీక్ష చేస్తారు. ఈ మందు చాలావరకు మనుషులు దానమిచ్చిన ప్లాస్మా నుంచి వస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ 1954 నుంచి 2018 వరకు 1,173 సార్లు దానం చేశారు.

భార్యాభర్తలిద్దరిదీ ఒకే గ్రూపు అయితే పిల్లలకు కీడని కొందరు భయపడతారు. అది అపోహ. ఇద్దరూ నెగటివ్ అయితే బిడ్డ కూడా నెగటివే కనుక ఈ ముప్పే లేదు. తల్లిది ఓ గ్రూపు, బిడ్డది ఏ లేదా బి అయితే మొదటి కాన్పులోనే కామెర్లు రావచ్చు. అవి ఎక్కువగా స్వల్పంగానే ఉంటాయి, లైటు కింద ఉంచితే తగ్గుతాయి.

తన పరిచారిక ప్రసవంలో చనిపోవడంతో చలించిన నిజాం కోడలు నీలోఫర్ చొరవతో 1953లో హైదరాబాద్‌లో నీలోఫర్ ఆసుపత్రి వెలిసింది. జబ్బుపడిన బిడ్డను అంతదూరం తీసుకుపోవలసిన అవసరమే రాకుండా చూడటం మన చేతిలో ఉంది. గర్భం తెలిసిన వెంటనే రక్తం గ్రూపు పరీక్ష చేయించాలి. ఫలితాన్ని తల్లి కార్డుపై రాయించి, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోమనాలి. నెగటివ్ అని తేలిన పేద తల్లికి ఇంజెక్షన్ ఖర్చు కొన్ని రోజుల కూలి. కాన్పు రోజున ఆ డబ్బు కోసం వెతుక్కుంటూ ఉంటే 72 గంటలు గడిచిపోతాయి. మన సాయం ఆ గడువులోపే ఆమెకు చేరాలి.