అక్క గర్భసంచి చెల్లెలికి పనికొస్తుందా?

ప్రశ్న: మా చెల్లెలు ట్రాన్స్ మహిళ. వయసు 26. త్వరలో హార్మోన్లు మొదలుపెట్టబోతోంది. ఎప్పటికైనా తన కడుపున ఒక బిడ్డను కనాలని ఆశ. నాకు 41 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయింది. నా గర్భసంచి తనకు ఇవ్వొచ్చా?
- ఒక సోదరి, కాకినాడ

సమాధానం: ఇప్పటికైతే వీలుకాదు. ట్రాన్స్ మహిళ బిడ్డను మోసి కన్న ఉదాహరణ ఇంతవరకు లేదు. అలాగని అక్క ఆలోచన వింతదేమీ కాదు. 2014 సెప్టెంబరులో స్వీడన్‌లో, మార్పిడి చేసిన గర్భసంచిలో పెరిగిన తొలి బిడ్డ పుట్టాడు. గోథెన్‌బర్గ్‌లో డాక్టర్ మాట్స్ బ్రాన్‌స్ట్రామ్ బృందం అమర్చిన ఆ గర్భసంచి ఎవరిదనుకున్నారు? ముట్లుడిగిపోయిన 61 ఏళ్ల స్నేహితురాలిది! పుణెలో 2017లో డాక్టర్ శైలేష్ పుణతాంబేకర్ బృందం తల్లి గర్భసంచిని కూతురికి అమర్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ దీనికి అడ్డేమీ కాదు. మార్పిడిలో ట్యూబులను కలపరు. ఐవీఎఫ్‌తో బయట తయారైన పిండాన్నే లోపల పెడతారు.

ఇచ్చేవారికి మాత్రం ఇది మామూలుగా గర్భసంచి తీసేయించుకోవడం లాంటిది కాదు. రక్తనాళాలతో సహా చెక్కుచెదరకుండా తీయాలి. మూత్రనాళం సరిగ్గా గర్భాశయ ధమని కిందుగానే దూరి పోతుంది, పక్కనున్న సిరలేమో బాగా పల్చన. స్వీడన్‌లో తొలి దాతలకు పది గంటల పైనే పట్టింది.

ఇక చెల్లెలి సంగతి. గర్భసంచి నాళాలను కుట్టేది ఇలియాక్ నాళాలకు. అవి ఆడా మగా అందరికీ ఉండేవే. కటి ఇరుకు కదా అని కొందరి అనుమానం. ఈ కాన్పులన్నీ సిజేరియన్లే కాబట్టి దానికంత బెంగ అక్కర్లేదు. అసలు చిక్కు కింది కొసన ఉంది. గర్భాశయ ముఖద్వారాన్ని యోనికి కలపాలి. ట్రాన్స్ మహిళలకు యోనిని చర్మంతోనో పేగు ముక్కతోనో తయారుచేస్తారు. సహజమైన యోనిని ఇన్ఫెక్షన్ల నుంచి కాచే మంచి బ్యాక్టీరియా అక్కడ అదే తీరున ఉండదు. పైగా ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ లాంటి మందులు రోజూ మింగుతుండాలి. అందుకే ఒకటో రెండో కాన్పులయ్యాక ఆ గర్భసంచిని తీసేస్తారు. ఆ మందులే లేని 1931లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో లిలీ ఎల్బే అనే ట్రాన్స్ మహిళ గర్భసంచి మార్పిడి సాహసానికి ఒప్పుకుంది. కొన్ని నెలలకే, సెప్టెంబరులో, చనిపోయింది.

చట్టం సంగతీ చూడాలి. ఐవీఎఫ్ లాంటి సంతాన సాఫల్య చికిత్సలకు వర్తించే మన 2021 ఏఆర్‌టీ చట్టంలో దంపతుల మాట, ఒంటరి మహిళల మాట ఉన్నాయి. ట్రాన్స్ వ్యక్తుల ఊసు లేదు.

కాబట్టి గర్భసంచి కన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఈస్ట్రోజెన్ మొదలైతే వీర్యకణాలు తగ్గిపోతాయి. ఆపేసినా అందరిలో తిరిగి రావు. వృషణాలు తీసేయించుకుంటే ఇక ఆ దారే మూసుకుపోతుంది. హార్మోన్ల మొదటి మాత్రకు ముందే ఆమె సంతాన సాఫల్య నిపుణులను కలిసి, వీర్యాన్ని ఫ్రీజ్ చేయించుకోవడం మంచిది. రేపెప్పుడైనా దాన్ని వాడాల్సి వస్తే, మమకారం కొద్దీ అక్క తన అండం ఇస్తానంటే మాత్రం కుదరదు. ఒక కడుపున పుట్టినవాళ్లు కదా.