పథకం పనిచేసిందో లేదో తేల్చే ఉద్యోగం

2018 వానాకాలం ముందు తెలంగాణలో పంట పెట్టుబడి సాయంగా రైతుబంధు చెక్కుల పంపిణీ మొదలైంది. ఎకరాకు నాలుగు వేలు. అప్పటి వ్యవసాయ మంత్రి పోచారం శ్రీనివాసరెడ్డి బాన్సువాడ ఎమ్మెల్యేనే కాబట్టి ఆ సందడి ఈ ఊరికి ఇంకా గుర్తుండే ఉంటుంది. అదే సీజన్లో జరిగిన ఒక పరిశీలన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. కొన్ని మండలాలను లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడి వ్యవసాయ అధికారులకు ముందుగానే ఒక మాట చెప్పారు: చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోన్ చేసి అడుగుతాం, మీ పనితీరును దాన్నిబట్టి కొలుస్తాం అని. మిగతా మండలాల్లో ఆ మాట చెప్పలేదు. తర్వాత లెక్క తీస్తే, ముందుగా చెప్పిన మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు నాలుగు పైసల లోపే. కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు చేసిన అధ్యయనం ఇది.

ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ అంటే ఇదే. ఎంతమందికి ఇచ్చామో ఆఫీసు నివేదిక చెబుతుంది. ఎవాల్యుయేటర్ అడిగే ప్రశ్న వేరు: ఇది చేయకపోయి ఉంటే ఏమయ్యేది? పోల్చి చూడటానికి మిగతా మండలాలు లేకపోతే ఆ 7.8 శాతం తేలేదే కాదు.

ఇందులో గమనించాల్సింది ఇంకోటుంది. రైతుల జాబితా ప్రభుత్వం దగ్గర ఉంది. పద్ధతి పరిశోధకుల దగ్గర ఉంది. ఫోన్లో రైతు భాషలో అడగగలిగిన మనుషులు వేరే ఉన్నారు. ముగ్గురూ కలిస్తేనే ఆ పని జరిగింది. ఈ విద్యను ఒంటరిగా పుస్తకం ముందేసుకుని నేర్చుకోవడం కష్టమని నేననేది అందుకే. ఎవరో ఒకరితో జట్టు కట్టాలి.

అలాంటి జట్టులోకి డిగ్రీ విద్యార్థి అడుగుపెట్టగల సులువైన దారి, పల్లె పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే. 2005 నుంచి ప్రథమ్ సంస్థ నడుపుతున్న ఈ సర్వేకు జిల్లాల్లో స్థానిక కాలేజీలు, డైట్‌లు (ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు), స్వచ్ఛంద సంస్థలే చేయందిస్తాయి. జిల్లాకు ముప్పై ఊళ్లు, ఊరికి ఇరవై ఇళ్లు. ముందు ఊరంతా తిరిగి పటం గీస్తారు. దాన్ని నాలుగు భాగాలు చేస్తారు. ఒక్కో భాగం నడిమధ్య నుంచి ఎడమ చేతివైపు నడుస్తూ ప్రతి ఐదో ఇంటి తలుపు తడతారు. తెలిసిన వాళ్ల ఇల్లు, రోడ్డు పక్కనున్న డాబా, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టే ఇల్లు అని ఎంచుకోవడం ఉండదు. శాంప్లింగ్ మీద పరీక్షలో పది మార్కుల జవాబు రాసినా బుర్రకెక్కని విషయం, ఎండలో ఆ ఐదో ఇల్లు వెతుక్కుంటే ఎక్కుతుంది.

ప్రశ్న అడగడమూ అక్కడే వస్తుంది. ‘ఆర్థిక సహాయం సకాలంలో అందినదా?’ అని కాగితం మీదున్నది ఉన్నట్టు చదివితే పెద్దమనిషి ‘ఆఁ, అందింది సార్’ అని ముగించేస్తాడు. ‘పైసలు నాట్లకు ముందు ముట్టినయా, తర్వాతనా? అప్పటిదాకా ఎవరి దగ్గర తెచ్చిండ్రు?’ అంటే అసలు కథ బయటికొస్తుంది. బాన్సువాడ పిల్లలకు ఇక్కడ పెద్ద బలం ఉంది. తెలుగుతో పాటు ఉర్దూ, తండాల్లో లంబాడీ, సరిహద్దు ఊళ్లలో మరాఠీ వింటూ పెరిగినవాళ్లు. ఈ సంగతి బయోడేటాలో ముందు వరుసలో రాయండి. చాలామంది చివర్న, హాబీల పక్కన రాస్తారు.

ఊళ్లోనే మొదలుపెట్టాలంటే? బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రికి తల్లిపాల ప్రోత్సాహంలో జాతీయ స్థాయి గుర్తింపు ఉంది. బిడ్డ పుట్టిన గంటలోపు పాలు పట్టించడం అందులో ముఖ్యమైన అంశం. తల్లిపాలే పట్టే అలవాటు ఇంటికెళ్లాక ఆరు నెలల దాకా నిలుస్తోందా? డిగ్రీ కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్, ఆసుపత్రి, ఆశా కార్యకర్తలు కలిస్తే చేయదగ్గ చిన్న అధ్యయనం ఇది. అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. తల్లి ఒప్పుకుంటేనే అడగాలి. పేర్లు బయటపెట్టకూడదు. కోబోటూల్‌బాక్స్ అనే సర్వే సాధనంలో ఫారం తయారుచేసుకుంటే ఫోన్లోనే నింపవచ్చు. పూర్తయిన ఇళ్లలో కొన్నింటికి వేరొకరు వెళ్లి మళ్లీ అడిగి సరిచూడాలి. ఈ బ్యాక్ చెక్ వదిలేసిన సర్వేను నేనైతే నమ్మను.

తర్వాతి మెట్టుకు హైదరాబాద్‌లో రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఉన్నాయి. ఊరి యువతకు ఇలాంటి పని కొత్తేమీ కాదు: ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఉపాధి హామీ పనులపై మొదలైన సామాజిక తనిఖీ ఊరి యువతతోనే రికార్డులు చదివించి, కూలీల ఇళ్లకు వెళ్లి సరిచూపించి, మండల ప్రజావేదికలో అందరి ముందు చదివించింది. ఢిల్లీలో నీతి ఆయోగ్‌కు పథకాల ఎవాల్యుయేషన్‌కే ప్రత్యేక విభాగం ఉంది. దాని పూర్వరూపం 1952లోనే ఏర్పడింది. ఉద్యోగం సాధారణంగా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా మొదలై సూపర్‌వైజర్, రీసెర్చ్ అసోసియేట్ మీదుగా సాగుతుంది. పైమెట్లకు పీజీతో పాటు ఎక్సెల్, ఆపైన స్టాటా లేదా ఆర్ సాఫ్ట్‌వేర్ రావాలి. మొదట్లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం అన్న సంగతి ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు మీ చిన్న అధ్యయనం మీద రెండు పేజీల నివేదిక పట్టుకెళ్లండి. ఎన్ని ఇళ్లు ఎంచారు, ఎన్నిచోట్ల తలుపు తాళం వేసి ఉంది, ఎంతమంది చెప్పనన్నారు, మీరు అనుకున్నదానికి భిన్నంగా ఏం తేలింది అన్నవి అందులో ఉండాలి.